గురువు పేరు అడిగిన చోట

ఆడిషన్‌కి నాలుగు రోజుల ముందు, శనివారం మధ్యాహ్నం పాఠం అయిపోయాక, నాగశ్రీ తన శిష్యురాలు రేచల్‌కి ఒక మాట చెప్పింది. అక్కడ ఎవరైనా అడిగితే గురువుగా తన పేరు చెప్పొద్దంది. ఆ రోజు నింపే ఫారంలో గురువు పేరు గడి ఖాళీగా వదిలేయమంది.

రేచల్ ఫోన్‌లో తంబూరా ఆపేసి కాసేపు ఆమె ముఖంలోకి చూసింది. ఎందుకని అడగలేదు. గోపాలపట్నంలో హైవేకి రెండు సందుల అవతలున్న ఆ మేడమీది వాటాకి ఎనిమిదేళ్లుగా వస్తున్న పిల్ల. టీచరు ఎలా పాడమంటే అలా పాడటమే తప్ప ఒక్కనాడూ ఎదురు ప్రశ్న వేసి ఎరగదు. "సరే టీచర్" అని ఊరుకుంది.

అడగకపోయినా నాగశ్రీయే చెప్పుకొచ్చింది. సాగరిక విశ్వవిద్యాలయంలో ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. సంగీత విభాగంలో నాలుగేళ్లుగా పాఠాలు చెబుతోంది. డబ్బు తీసుకుని గానీ తీసుకోకుండా గానీ బయట ఎవరికీ సంగీతం నేర్పకూడదని ఒప్పందంలో రాసుంది. ఉద్యోగంలో చేరిన రోజునే మిగతా పిల్లలందరినీ మాన్పించేసింది. ఒక్క రేచల్‌ని మాత్రం మాన్పించలేకపోయింది. జూన్ నెలాఖరుకి ఒప్పందం మళ్లీ రాయాలి. భర్త గోపి పనిచేసే చిన్న షిప్పింగ్ ఆఫీసు మూతపడి ఏడాది దాటింది. ఇప్పుడు ఇల్లు నడిచేది ఆమె జీతం మీదే.

"పాటకి అరవై మార్కులు, సిద్ధాంతానికి ఇరవై అయిదు. శిక్షణ నేపథ్యానికి పదిహేనే. ఆ పదిహేనూ పోయినా నువ్వే ముందుంటావు" అంది నాగశ్రీ. ఆ మాట ఆమె నమ్మే అంది. కనీసం ఆ మధ్యాహ్నం నమ్మింది.

రేచల్ ఆమెకి దొరికిన తీరు వేరు. కంచరపాలెంలో చర్చిలన్నీ కలిసి క్రిస్మస్ పాటల పోటీ పెడితే నాగశ్రీని జడ్జిగా పిలిచారు. పన్నెండేళ్ల పిల్ల ఒకతె పాడుతుండగా కరెంటు పోయింది. కీబోర్డు ఆగిపోయింది, మైకు ఆగిపోయింది. పిల్ల మాత్రం ఆగలేదు. రెండు చరణాలు అలాగే పాడింది. ఆఖరి చరణంలో కరెంటు వచ్చి కీబోర్డు మళ్లీ మోగేసరికి ఆ గొంతూ ఆ స్వరమూ ఒక్కచోటే ఉన్నాయి, వెంట్రుకవాసి తేడా లేదు. పోటీ అయ్యాక నాగశ్రీ పిల్ల తల్లి విమలమ్మని వెతికి పట్టుకుని, శనివారాలు తన దగ్గరికి పంపమని అడిగింది. విమలమ్మ ప్రైవేటు ఆస్పత్రిలో ఆయా. తండ్రి యోహాన్ పోర్టులో బొగ్గు దించే బెర్తు దగ్గర కాంట్రాక్టు పని చేస్తాడు. ఆ సంగీతం మనకెందుకని వాళ్లు అనలేదు. అందులో ఏముందో తెలియకపోయినా, బస్సు ఎక్కించి పంపారు.

ఆ ఎనిమిదేళ్లలో నాగశ్రీ తనకు తెలిసిందంతా ఆ పిల్లకి పెట్టింది. తన గురువు కాంతంగారు రాజమండ్రిలో ఓ పెంకుటింటి వసారాలో కూర్చోబెట్టి నేర్పిన వర్ణాలు, కీర్తనలు, రాగాలాపనలోని కిటుకులు అన్నీ ఇచ్చింది. రేచల్ ప్రభుత్వ కాలేజీలో బీకాం పూర్తి చేసింది. ఏ డిగ్రీ ఉన్నా ఎం.ఏ. సంగీతానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. సాగరికలో పది సీట్లు, అందులో రెండింటికి పూర్తి ఫీజు మాఫీ. ఆ రెండింటిలో ఒకటి వస్తేనే రేచల్‌కి చదువు. లేకపోతే లేదు.

ఆడిషన్ రోజు పొద్దుట్నుంచీ ముసురు పట్టింది. మూడో అంతస్తులో ఏసీ గది. బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో విభాగాధిపతి నీలకంఠంగారు, ఆయనకి కుడివైపు బయటి ఊరి నుంచి వచ్చిన వీణ విద్వాంసురాలు అనూరాధగారు, ఎడమవైపు నాగశ్రీ. మార్కులు కూడి పట్టిక రాసే పని ఆమెది.

పొద్దున్న వచ్చినవాళ్లలో దాదాపు అందరి చేతుల్లోనూ లావుపాటి ఫైళ్లున్నాయి. గ్రేడు పరీక్షల సర్టిఫికెట్లు, కచేరీల ఫోటోలు, గురువుల ఉత్తరాలు. నలుగురు నీలకంఠంగారి భార్య నడిపే అకాడమీలో నేర్చుకున్నవాళ్లే. అధ్యాపకులు బయట నేర్పకూడదన్నారు గానీ అధ్యాపకుల భార్యలు నేర్పకూడదని ఎక్కడా రాసిలేదు. ఆ నలుగురిలో అనిరుధ్ అనే కుర్రాడు కాస్త మెరుగ్గా పాడాడు. గొంతు తేటగా ఉంది, తాళం ఎక్కడా తప్పలేదు. నేర్పినది నేర్పినట్టు శ్రద్ధగా అప్పజెప్పాడు. నాగశ్రీ అతనికి న్యాయంగానే మార్కులు వేసింది.

పదకొండున్నరకి రేచల్ లోపలికొచ్చింది. చేతిలో డిగ్రీ మార్కుల లిస్టు పెట్టుకున్న పల్చటి ప్లాస్టిక్ కవరు తప్ప ఇంకేమీ లేదు. కూర్చుని, శృతి సరిచూసుకుని, ముఖారి రాగం ఎత్తుకుంది.

నాగశ్రీ తలొంచుకుని విన్నది. రాగం నిదానంగా పైకి సాగింది. పై షడ్జం దాకా వెళ్లి, దిగేటప్పుడు శుద్ధ ధైవతం మీద ఒక్క క్షణం నిలిచి, ఊపిరి ఆగిందా అనిపించేంతలో పంచమం మీదికి జారింది. అది కాంతంగారి జారు. ఆవిడ దగ్గర నాగశ్రీకి అది పట్టుబడటానికి రెండేళ్లు పట్టింది. రేచల్‌కి ఏడు నెలలు. ఇంటి దగ్గర ఇంత బాగా ఎన్నడూ పాడలేదనిపించింది. పాట ముగిసింది.

"ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?" అన్నారు నీలకంఠంగారు.

రేచల్ నాగశ్రీ వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ముందే సిద్ధపడి వచ్చినట్టుంది. "చర్చిలో పాడేదాన్నండి. మిగతాది విని విని నేర్చుకున్నానండి."

అనూరాధగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. వింటే వచ్చే ముఖారి కాదిది అన్నారు. అప్పటికప్పుడు అల్లి పాడే కల్పనస్వరాలు వెయ్యమన్నారు. రేచల్ వేసింది. ఇంకో రాగం అడిగారు. అదీ పాడింది. ఆవిడ ముఖంలో మెచ్చుకోలు కనపడాల్సిన చోట విసుగు కనపడింది.

నీలకంఠంగారు అదే ప్రశ్న రెండోసారి వేశారు. ఎవరూ లేరా అమ్మా, బాగా ఆలోచించుకుని చెప్పు అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చూపు రేచల్ మీద లేదు. మెల్లిగా ఎడమవైపు తిరిగి నాగశ్రీ మీద ఆగింది. ఆమె మార్కుల కాగితం మీద వంగి, అప్పటికే రాసిన అంకెని దిద్దుతూ కూర్చుంది.

"ఎవరూ లేరండి" అంది రేచల్.

పిల్ల బయటికి వెళ్లాక అనూరాధగారు, విద్య ఉంది గానీ నేర్పినవాళ్ల పేరు దాచే బుద్ధి మంచిది కాదన్నారు. ఇన్నేళ్లు ఎవరో కూర్చోబెట్టి నేర్పకపోతే ఈ పాట రాదు, వాళ్లెవరో విని ఉంటే ఎంత బాధపడేవారో అన్నారు. పాటకి నలభై వేశారు. నీలకంఠంగారు యాభై నాలుగు, నాగశ్రీ యాభై ఆరు. సగటు యాభై వచ్చింది. శిక్షణ నేపథ్యం కింద ఏం వెయ్యాలని ఆవిడ అడిగితే, ఉత్తరం లేదు, సర్టిఫికెట్ లేదు, రూలు ప్రకారం సున్నాయే అన్నారు నీలకంఠంగారు. పట్టిక రాసేది నాగశ్రీ కాబట్టి ఆ సున్నా ఆమే చుట్టింది.

సిద్ధాంతం పేపరు అంతకుముందే దిద్దారు. అందులో రేచల్‌కి ఇరవై నాలుగు. అందరికంటే ఎక్కువ. మొత్తం డెబ్బై నాలుగు. తుని నుంచి వచ్చిన ఓ అమ్మాయికి ఎనభై. అనిరుధ్‌కి డెబ్బై ఎనిమిది. ఫీజు మాఫీ సీట్లు ఆ ఇద్దరికీ వెళ్లాయి. రేచల్ పేరు మూడోది. ఫీజు కట్టి చేరవచ్చని పక్కన రాశారు.

జాబితా శుక్రవారం బయటపెట్టారు. అభ్యంతరాలుంటే సోమవారం సాయంత్రం అయిదింటి లోపల రాసివ్వాలన్నారు.

శనివారం పాఠానికి రేచల్ రాలేదు. ఫోన్ చెయ్యాలని నాగశ్రీ రెండుసార్లు పేరు దాకా వెళ్లి ఆగిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం చర్చిలో ఆరాధన అయ్యాక యోహాన్ వచ్చాడు. ఆ ఎనిమిదేళ్లలో అతను ఆ ఇంటి మెట్లెక్కింది రెండుసార్లో మూడుసార్లో. తెల్లచొక్కా ఇస్త్రీ చేసుంది. ఎంత రుద్దినా పోని బొగ్గు నలుపు గోళ్ల సందుల్లో ఉండిపోయింది. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చున్నాడు. గోపి మంచినీళ్లు తెచ్చిచ్చి లోపలికి వెళ్లాడు. యోహాన్ ఆ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, తాగకుండా, చాలాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పాడు. వాన పడితే బెర్తులో పని ఆగిపోతుందన్నాడు. ఆఖరికి అడిగాడు.

"మా పిల్ల ఏటి తక్కువ పాడిందమ్మా? దాన్నడిగితే ఏటీ సెప్పదు. మీరు అక్కడే ఉన్నారు గదా. తప్పేటో సెప్తే దిద్దుకుంటాది."

రేచల్ ఇంట్లో కూడా చెప్పలేదని నాగశ్రీకి అప్పుడు తెలిసింది. గురువు పేరు చెప్పొద్దన్న సంగతి ఆ పిల్ల కన్నవాళ్లకి కూడా చెప్పలేదు. చెప్పొద్దంటే ఎవరికీ చెప్పొద్దనే అర్థం చేసుకుంది.

నిజం నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మనిషి ముఖంలోకి చూస్తూ, "నా ఉద్యోగం కోసం మీ పిల్ల నోరు కట్టేశాను" అని ఎలా అనాలో నాగశ్రీకి తెలియలేదు. పాట బాగా పాడిందని, సిద్ధాంతం పేపర్లో మాత్రం కాస్త తగ్గిందని చెప్పింది. అనేసిన తర్వాత ఆ మాటని వెనక్కి తీసుకోవడానికి ఆమెకి మూడు నాలుగు నిమిషాలు వ్యవధి దొరికింది. యోహాన్ నీళ్లు తాగాడు, గ్లాసు కిందపెట్టాడు, లేచి చెప్పులు వెతుక్కుని వేసుకున్నాడు. ఆమె తీసుకోలేదు.

"సదువు పక్కనెట్టేసినాదన్న మాట. సరేనమ్మా" అని మెట్లు దిగిపోయాడు.

సోమవారం మధ్యాహ్నం భోజనాల వేళ నాగశ్రీ నీలకంఠంగారి గదికి వెళ్లింది. రాత్రంతా మాటలు కూర్చుకుని వెళ్లింది గానీ ఆ మాటల అవసరం పడలేదు. ఆమె కుర్చీలో కూర్చోకముందే ఆయన, "ఆ అమ్మాయి గురించేనా?" అన్నారు.

ఆమె తలూపింది.

"నేను కుర్రతనంలో మూడేళ్లు రాజమండ్రిలో ఉన్నాను. కాంతంగారి ఇంటి ఎదురుగా అద్దెకుండేవాళ్లం. ముఖారిలో ఆ ధైవతం అలా పట్టుకునేది ఆవిడొక్కతే. ఆవిడ తర్వాత మీరు. ఆ పిల్ల రెండో వరస పాడేసరికే నాకు తెలిసిపోయింది." ఆయన గొంతులో కోపం లేదు. "మీరు చెబుతారేమోనని రెండోసారి అడిగాను. మీరు చెప్పి ఉంటే నేను ఆ పదిహేనులో పన్నెండైనా వెయ్యాల్సి వచ్చేది. అనూరాధగారు కూడా తన మార్కు మార్చుకునేవారు. మీరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు."

ఇప్పుడేం చెయ్యవచ్చని నాగశ్రీ అడిగింది. రాసిస్తే పైకి పంపుతానని ఆయన అన్నారు. సాయంత్రం అయిదు దాకా టైముంది. కానీ ఆమె ఒప్పందం కాగితాలు కూడా ఈ వారమే పైకి వెళ్తాయని, రెండూ ఒకే బల్ల మీదికి చేరతాయని గుర్తు చేశారు. బెదిరించడానికి అన్న మాట కాదది. ఉన్న విషయం చెప్పారు. భార్య అకాడమీ పిల్లల గురించి ఆమె ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు.

నాగశ్రీ స్టాఫ్ రూములో కూర్చుని రాయడం మొదలెట్టింది. "రేచల్ ఎనిమిది సంవత్సరాలుగా నా వద్ద" అన్నదాకా రాసింది. మూడున్నరకి గోపి ఫోన్ చేశాడు. గాజువాకలో ఎవరో గోడౌన్ ఉద్యోగం ఉందన్నారనీ, వెళ్లి చూస్తే ఆ చోటు అప్పటికే నిండిపోయిందనీ చెప్పాడు. ఫర్వాలేదులే, నీదుంది కదా అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆమె కాగితం వంక చూస్తూ కూర్చుంది. నాలుగైంది. నాలుగున్నరకి అటెండరు వచ్చి గది తాళం వేసుకుంటానన్నాడు. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని, కిందికి దిగి, యూనివర్సిటీ బస్సెక్కింది. బస్సు కదిలేటప్పుడు అయిదుకి పది నిమిషాలు తక్కువ. ఇంకా దిగిపోవచ్చు అనుకుంది. అనుకుంటుండగానే బస్సు గేటు దాటింది.

ఒప్పందం రెండేళ్లకి రాశారు.

జూలైలో క్లాసులు మొదలయ్యాయి. అనిరుధ్ మంచి విద్యార్థి. ముందు వరసలో కూర్చుంటాడు, చెప్పింది రాసుకుంటాడు, సందేహాలు అడుగుతాడు. అతని మీద కోపం తెచ్చుకోవాలని నాగశ్రీ ఎంత ప్రయత్నించినా రాలేదు. ఆగస్టు రెండో వారంలో ఒకరోజు ముఖారి పాఠం జరుగుతోంది. క్లాసు అయ్యాక అందరూ వెళ్లిపోయినా అతను నిలబడ్డాడు.

"మేడమ్, ఆడిషన్ రోజు నేను కారిడార్‌లో ఉన్నాను. లోపల ఒకమ్మాయి ఇదే రాగం పాడింది. నేను అలా ఇంతవరకు వినలేదు. ఆ అమ్మాయి ఏ బ్యాచ్‌లో ఉంది మేడమ్?"

చేరలేదని నాగశ్రీ చెప్పింది.

అతను కాస్త ఆశ్చర్యపోయాడు. ఇంకా మంచి చోట సీటు వచ్చి ఉంటుందిలెండి అన్నాడు. నిజంగానే అలా అనుకున్నాడు. అంత పాట పాడేవాళ్లకి చోటు దొరక్కపోవడమనేది ఉంటుందని ఆ కుర్రాడికి తోచలేదు.

ఆ రోజు నాగశ్రీ ఇంటికి వెళ్లి గోపికి అంతా చెప్పి, రాసిచ్చేస్తానంది. అతను విని, ఇప్పుడు రాసిస్తే ఏం లాభమన్నాడు. లాభం లేదంది. మర్నాడు ఆమె రేచల్ తన శిష్యురాలని, ఉద్యోగంలో చేరిన తర్వాత కూడా తను నేర్పిందని, ఆడిషన్‌లో ఆ సంగతి దాచింది తనే గానీ ఆ అమ్మాయి కాదని స్పష్టంగా రాసి, సంతకం చేసి నీలకంఠంగారికిచ్చింది. ఆయన చదివి, కళ్లజోడు తీసి, ఇది ఇప్పుడు ఎవరికి పనికొస్తుందమ్మా అన్నారు. వెనక్కి తీసుకోమని ఆ కాగితం ఆమె వైపు జరిపారు. ఆమె తీసుకోలేదు. ఆయన పంపాల్సిన చోటికి పంపారు. నెల రోజుల నోటీసుతో ఉద్యోగం పోయింది. ప్రవేశాలు ముగిసినందున జాబితాలో మార్పు సాధ్యం కాదని రెండు వాక్యాల జవాబు వచ్చింది.

ఆ జవాబు తీసుకుని ఆమె రేచల్‌ని వెతుక్కుంటూ వెళ్లింది. మెయిన్ రోడ్డు మీద ఒక సూపర్ మార్కెట్లో బిల్లింగ్ కౌంటర్లో పనిచేస్తోందని తెలిసింది. నాగశ్రీ ఇంటికి పది నిమిషాల దూరం. జూన్ చివరి నుంచీ ఆ పిల్ల అక్కడే ఉందట. నాగశ్రీ వేరే దుకాణానికి వెళ్తుంది కాబట్టి ఎదురుపడలేదు. లేకపోతే రేచలే ఎదురుపడకుండా చూసుకుందో.

మధ్యాహ్నం రద్దీ లేని వేళ. రేచల్ ఎర్ర టీషర్టులో, మెడలో గుర్తింపు కార్డుతో ఉంది. పక్కమ్మాయిని కౌంటరు చూడమని చెప్పి బయటికొచ్చింది. షాపు పక్కన ఖాళీ అట్టపెట్టెలు పేర్చిన చోట ఇద్దరూ నిలబడ్డారు. నాగశ్రీ జరిగిందంతా చెప్పింది. నీలకంఠంగారికి ఆ రోజే తెలుసన్నది కూడా దాచలేదు. వచ్చే ఏడాది దరఖాస్తు పెట్టు, ఉత్తరం నేను రాసిస్తాను, ఇప్పుడు నాకు భయం లేదు అంది.

రేచల్ పెట్టెల మీది టేపు ముక్కని గోటితో పీకుతూ వింది. కాలేజీ చదువుతో ఆమెకి బయట మాట్లాడే తెలుగు వేరే అలవాటైంది. ఆ రోజు ఇంట్లో మాట వచ్చింది.

"ఇదేటి పని టీచర్. అప్పుడు సెప్పుంటే నా ఒక్కదానికైనా ఉండును. ఇప్పుడిద్దరికీ లేదు."

రేచల్ పీకిన టేపు ముక్కని వేళ్ల మధ్య ఉండ చుట్టింది.

"మీ పేరు సెప్పొద్దన్నారు, నాను సెప్పలేదు. దానికి నాకు బాధ లేదు. మీ ఉజ్జోగం పోతాదంటే నాను మాత్రం సెప్తానా? కానీ మా నాన్నతో నాకు సిద్ధాంతం పోయిందని సెప్పేరంట. నాను రాసింది నాకు తెల్దా? ఒక్క ప్రశ్న వదల్లేదు టీచర్."

ఆ పేపర్లో ఇరవై నాలుగు వచ్చాయని నాగశ్రీ చెప్పింది. అందరికంటే ఎక్కువని చెప్పింది. రేచల్ తలూపింది. ఆ అంకె వినడానికి మూడు నెలలు పట్టింది. ముఖంలో సంతోషం ఏమీ లేదు. లోపల ఎవరో బిల్లు కోసం పిలిస్తే, "వస్తాను టీచర్" అని వెళ్లిపోయింది. వచ్చే ఏడాది మాటకి వెళ్తూ వెళ్తూ సూద్దాం అంది. ఆ సూద్దాం అన్న తీరులోనే చూసేదేమీ లేదని తెలుస్తోంది.

నాగశ్రీ ఇంటికి పోలేదు. అట్నుంచి అటే కంచరపాలెం బస్సెక్కింది. రైలు కట్ట పక్కన మూడో సందులో వాళ్లిల్లు. యోహాన్ రెండో షిఫ్టుకి తయారవుతున్నాడు. విమలమ్మ అతనికి టిఫిన్ డబ్బా సర్దుతోంది. టీచరమ్మ వచ్చిందని చాప దులిపి వేసింది. నాగశ్రీ కూర్చోకుండానే చెప్పింది. గురువు పేరు, మార్కులు, ఆదివారం తను ఆడిన అబద్ధం. ఆగితే మళ్లీ చెప్పలేనేమోనని ఒక్క బిగిన చెప్పేసింది.

పక్కన కట్ట మీద గూడ్సు బండి ఒకటి వెళ్లింది.

"నాను దాన్ని తిట్టినానమ్మా" అన్నాడు యోహాన్. "మీ ఇంటికాడ నుండి తిన్నగా వొచ్చి తిట్టినాను. పాటా పాటా అని తిరిగి పుస్తకం ముట్టలేదన్నాను. అది నోరిప్పబోతే ఇప్పనీలేదు. ఇంక పాటొద్దు, పన్లో సేరన్నాను. మర్నాడే సేరిపోనాది. నాతోటి ఒక్క మాటనలేదు."

విమలమ్మ డబ్బా మూత పెట్టబోతూ ఆగిపోయింది. పిల్ల చర్చిలో కూడా ముందుకొచ్చి పాడటం మానేసిందని, పాస్టరుగారు అడిగితే గొంతు బాలేదందని చెప్పింది. గొంతు బాగానే ఉంది, అదెందుకు పాడటం లేదో తనకి అప్పుడు అర్థం కాలేదంది. కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్పినా బాగుండునని నాగశ్రీకి అనిపించింది.

యోహాన్ చేతిగడియారం చూసుకున్నాడు. షిఫ్టుకి ఆలస్యమైతే గేటు దగ్గర ఆపేస్తారు. డబ్బా తీసుకున్నాడు, హెల్మెట్ తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"రేపు పొద్దున్న దానికేటని సెప్పమంటారు?" అన్నాడు.

ఎగతాళికి అడిగింది కాదు, నిలదీయడానికి అడిగిందీ కాదు. చదువుకున్న మనిషి కదా, తెలిసుంటుందని అడిగాడు. అతను కాస్త సేపు చూసి వెళ్లిపోయాడు.

ఆమె చాప మీద కూర్చుండిపోయింది. విమలమ్మ ఉండమనలేదు, వెళ్లమనలేదు. పోర్టు వైపు నుంచి ఓడ కూత ఒకటి వినపడింది. సందులో పిల్లలు బడి నుంచి వస్తున్నారు. కాసేపటికి విమలమ్మ టీ పెట్టి తెచ్చింది. ఇద్దరూ తాగారు. విమలమ్మకి డ్యూటీ టైమైంది. నాగశ్రీ లేచి, ఆమెతో పాటే రోడ్డు దాకా నడిచి, అక్కడ వేరే బస్సెక్కింది.

ఆ చలికాలం నుంచీ నాగశ్రీ ఇంట్లో మళ్లీ పాఠాలు మొదలెట్టింది. పదిమంది దాకా చేరారు. వచ్చిన ప్రతివాళ్ల తల్లిదండ్రులకీ తన పేరు ఎక్కడైనా చెప్పుకోవచ్చని ముందే చెబుతుంది. ఎందుకలా చెబుతుందో వాళ్లకి అర్థం కాదు. మరుసటి మే నెలలో సాగరిక దరఖాస్తులు పిలిచింది. ఈసారి ఫీజు మాఫీ సీటు ఒక్కటే. నాగశ్రీ ఉత్తరం రాసి, కవరులో పెట్టి, విమలమ్మ చేతికిచ్చి వచ్చింది. విమలమ్మ కూతురికిచ్చింది. రేచల్ అది చదివిందని, మళ్లీ మడిచి కవరులో పెట్టేసిందని విమలమ్మ తర్వాత చెప్పింది.

గడువు జూన్ పదితో అయిపోయింది. దరఖాస్తు వెళ్లలేదు.